చేతులు కడుక్కొని కూర్చున్నాం, బీరువా గారూ

మహారాజశ్రీ మా బడి ఆఫీసుగది ఇనుప బీరువా గారి దివ్యసముఖమునకు, రెండవ తరగతి టీచరు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగడం లేఖా మర్యాద కనుక అడుగుతున్నానే గాని, కప్పు కారే ఈ బడిలో వాన తగలని, సుద్దపొడి అంటని, చిన్నపిల్లల చేయి సోకని చోటు తమరి పొట్ట ఒక్కటే కాబట్టి ఆ విషయంలో నాకు ఏనాడూ బెంగ లేదు.

గురువారం మధ్యాహ్నం తమరి మూడవ అరలోని గణిత పేటికను తీసి రెండవ తరగతికి ఇస్తామని హెడ్మాస్టరు గారు ఉదయం ప్రార్థన దగ్గర మాట ఇచ్చారు. ఆ మాటను పట్టుకొని నేను పిల్లలకు మాట ఇచ్చాను. చేతులు శుభ్రంగా ఉన్నవారికే రంగుకడ్డీలు అందుతాయని నోరు జారినందుకు, మా పంతొమ్మిది మందీ అన్నం తినగానే కుళాయి దగ్గర బారులు తీరి, మోచేతుల దాకా కడుక్కొని వచ్చారు. గచ్చుకు ఆనిస్తే మట్టి అంటుతుందేమోనని అరచేతులు పైకి పెట్టుకొని, వ్రతం చివర ప్రసాదానికి ఎదురుచూసేవారిలా కూర్చున్నారు. ఒక పాపకు ముక్కు దురద పుడితే చేయి వాడకుండా పక్కవాడి భుజానికి రుద్దుకుంది. అప్పటికే హెడ్మాస్టరు గారు మండల కేంద్రంలో మీటింగుకు వెళ్లారు. ఆయన జేబులో తమరి చాబి కూడా వెళ్లింది. ఫోను చేస్తే, "మేడమ్, చాబి నా దగ్గర్నే ఉండిపోయింది. రేపు ఎట్లాగూ విజిట్ ఉంది, రేపే తీద్దాం" అన్నారు. ఆ మీటింగు దేని గురించో కూడా విన్నవించుకుంటాను: ప్రాథమిక తరగతుల్లో బోధనాభ్యసన సామగ్రి వినియోగం.

మూడు గంటలకు చేతులు దించమని నేనే చెప్పాను.

తమరి వంశగౌరవం నాకు తెలియనిది కాదు. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చినప్పుడు ప్రతి బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లతో పాటు బోధన సామగ్రి కూడా ఉండాలన్నారు. ఆ సామగ్రిని దాచిన ట్రంకు పెట్టె తమరికి తాతగారు. తర్వాత డీపెప్ (జిల్లా ప్రాథమిక విద్యా పథకం) కాలంలో సామగ్రి తయారీకి టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు. ఆ డబ్బుతో మా ముందుతరం వారు అట్టల మీద రంగుకాగితాలు అతికించి చేసిన గడియారాలు తమరి పై అరలో ఇప్పటికీ ఉన్నాయి. ఏ పిల్లవాడూ ముల్లు తిప్పని కారణంగా వాటిలో అన్నింటికీ ఒకే టైము, పది గంటల పది నిమిషాలు. 2021లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని నిపుణ్ భారత్ వచ్చింది, 2022లో మన తెలంగాణలో అదే పనికి తొలిమెట్టు వచ్చింది, 2023లో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం జాదూయీ పిటారా అనే మాయపెట్టెను ఢిల్లీలో ఆవిష్కరించారు. ఏ పథకమైనా పిల్లల చేతుల కోసమనే బయలుదేరుతుంది. మా ఊరికి వచ్చేసరికి దారి అలసట వల్ల కాబోలు, తమరి అరలో పడుకుంటుంది. అడుగు అరకు తుప్పుపట్టి పడిన చిల్లులోంచి దూరిన ఎలుక అక్షర కార్డుల్లో 'క' నుంచి 'ణ' వరకు నమిలింది. మా బడిలో ఆ కార్డులతో కృత్యం చేసిన ప్రాణి అదొక్కటే.

డీఎస్సీకి చదివిన రోజుల్లో, పిల్లలు నేర్చుకునే తీరు గురించి మనస్తత్వవేత్త బ్రూనర్ చెప్పిన క్రియాత్మక, చిత్రప్రతిమా, ప్రతీకాత్మక దశలను వరుస తప్పకుండా గుర్తించి మార్కు తెచ్చుకున్న తరువాతే మేమంతా ఈ ఉద్యోగాల్లో చేరాం. ముందు చేతితో, తరువాత బొమ్మతో, ఆ తరువాతే అంకెతో అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలం. బడికి వచ్చాక చూస్తే మొదటి దశకు తమరు అడ్డంగా నిలబడి ఉన్నారు. రెండవ దశను మేమే చార్టులుగా రాయించి, ప్లాస్టిక్ పూత వేయించి, బల్లులు చదువుకోవడానికి వీలుగా ఏడడుగుల ఎత్తున వేలాడదీశాం. ఇక మిగిలింది సుద్దముక్క.

పేటిక లేనంత మాత్రాన లెక్కలు ఆగిపోయాయా అని తమరు అడగవచ్చు. ఆగలేదు. చీపురు పుల్లలను సమంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండుతో కట్టి, కట్టలు ఒక పక్క, విడిపుల్లలు ఒక పక్క పెట్టుకొని మా సంసారం మేము నడుపుకుంటున్నాం. ఇరవై మూడు రాయమంటే 203 రాసే పిల్లవాడి చెవిలో దోషమేమీ లేదు. ఇరవై అన్నప్పుడు 20 రాశాడు, మూడు అన్నప్పుడు పక్కన 3 పెట్టాడు, చెప్పింది చెప్పినట్టు రాశాడు. వాడి చేతికి రెండు కట్టలు, మూడు పుల్లలు ఇచ్చి ఇందులో వంద ఎక్కడుందో చూపించమంటే వెతికి వెతికి, తానే పలక తుడుచుకుంటాడు. 32లోంచి 17 తీసివేసేటప్పుడు "రెండులోంచి ఏడు పోదు, పక్కింటికి పోయి అప్పు తెచ్చుకో" అని మనం తరతరాలుగా చెబుతూనే ఉన్నాం. తెచ్చిన అప్పు ఎప్పుడు తిరిగి ఇస్తారని మా తరగతిలో ఒక పాప అడిగింది. కట్ట రబ్బరు విప్పి, పది పుల్లలను రెండు విడిపుల్లల్లో కలిపి చూపించేదాకా నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. అప్పు లేదు, పక్కిల్లు లేదు. మనదే అయిన కట్టను మనమే విప్పుకున్నాం, అంతే. (బతుకమ్మ నాడు గునుగు ఒక వరుస, తంగేడు ఒక వరుస తప్పకుండా పేర్చే పిల్లలకు 'అమరికలు' అనే పాఠాన్ని మూడు రోజులు బోర్డు మీద చెప్పిన ఘనత కూడా నాదే. ఆ పాపం తమరిది కాదు.)

అయితే పుల్ల చేయలేని పని ఒకటుంది. చీపురు పుల్లల్లో అన్నీ ఒకటే. ఏడుకు, ఎనిమిదికి తేడా తెలియాలంటే లెక్కపెట్టుకోవలసిందే. తమరి మూడవ అరలోని రంగుకడ్డీలు అలా కాదు. క్యూజెనేర్ అనే బెల్జియం బడిపంతులు వాటికి పొడవును బట్టి రంగు పెట్టాడు. ఒక సెంటీమీటరు ముక్క తెలుపు, రెండు ఎరుపు, అయిదు పసుపు, పది నారింజ. రెండు పసుపుకడ్డీలను వరుసగా పెడితే నారింజకడ్డీతో కచ్చితంగా సరిపోతాయి. నీలం పక్కన ఒక తెల్లముక్క పెట్టినా అంతే. తొమ్మిదీ ఒకటీ పది అని ఎక్కం చదివినట్టు చదివించనక్కరలేదు, అంచులు కలిశాయో లేదో వేలితో తడిమితే తెలుస్తుంది. 23కు రెండు నారింజలు, మూడు తెలుపులు. 32కు మూడు నారింజలు, రెండు తెలుపులు. రెండింటినీ పక్కపక్కన పరిస్తే ఏది పొడవో చెప్పడానికి టీచరు కూడా అవసరం లేదు. గురువారం నాడు మా పిల్లలు చేతులు కడుక్కున్నది దీనికోసం.

శుక్రవారం తమరి తలుపులు తెరుచుకున్నాయి. వచ్చినవారు వచ్చారు, బల్ల మీద కొత్త గుడ్డ పరిచారు, పేటిక మూత తీశారు. ఇస్త్రీ చేసిన యూనిఫాం ఉన్న నలుగురు పిల్లలను ఎంచి, చేతికి ఒక్కో కడ్డీ ఇచ్చి, కెమెరా వైపు కాకుండా కడ్డీ వైపు చూడమన్నారు. ఫోటోలు అప్‌లోడ్ అయ్యేవరకు, అంటే సిగ్నలు కోసం ఒక సారు వేపచెట్టు కిందికి వెళ్లి వచ్చేవరకు, ఆ నలుగురూ కడ్డీలను అలాగే పట్టుకొని ఉన్నారు. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. గురువారం ముక్కు రుద్దుకున్న పాప ఆ నలుగురిలో లేదు; గడప దగ్గర నిలబడి, ఎవరూ చూడడం లేదనుకొని బల్ల దాకా వచ్చి, నారింజకడ్డీని ఒక్క వేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి వెళ్లింది. నేను చూశాను.

తరువాత లెక్క. తెల్లముక్కలు యాభై ఉండాలి, నలభై తొమ్మిదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెడితే మళ్లీ నలభై తొమ్మిదే. బల్ల దగ్గరికి ఎవరెవరు వచ్చారని హెడ్మాస్టరు గారు అడిగారు. ఆయన చెడ్డవారు కాదు. పదవీ విరమణకు పద్నాలుగు నెలలు ఉంది, ఛార్జి అప్పగించేనాడు స్టాకు రిజిస్టరులో ఏది తగ్గినా సంజాయిషీ చెప్పుకోవలసింది ఆయనే. ఆ రిజిస్టరును నేను పేజీ పేజీ తిరగేశాను. వచ్చినవి, మొత్తం, నిల్వ అని గడులు ఉన్నాయి. వాడినవి అని ఒక్క గడి లేదు. వాడి విరిగిన వస్తువుకు సంజాయిషీ ఇవ్వాలి, వాడకుండా ఇరవై ఏళ్లు ఉంచిన వస్తువుకు ఆడిట్‌లో టిక్కు పడుతుంది. ఇన్ని తెలిసి కూడా నేను ఏం చేశానో తమరు చూశారు. నలుగురు పిల్లల జేబులు వెతికాను. తరువాత ఆ పాపను పిలిచాను. నేను అడగకముందే జేబు లోపలి గుడ్డ బయటికి తీసి చూపించింది: నాలుగు చింతగింజలు, అరిగిన బలపం ముక్క. "నేను తియ్యలే టీచర్" అంది. సంచీ కూడా బోర్లించింది.

తెల్లముక్క సాయంత్రం అయిదింటికి దొరికింది. పేటికను తిరిగి పెట్టమని చాబి నా చేతికిచ్చి హెడ్మాస్టరు గారు బస్సుకు వెళ్లారు. మూత సరిగ్గా పడక పేటికలోని స్పంజి ఎత్తి చూస్తే దాని కింద నక్కి ఉంది. అది అసలు బయటికే రాలేదు.

ఇక తమరు, గారు అని రాయడం నావల్ల కాదు. నీ పొట్టలో ఉన్న ముక్క కోసం, రూపాయో రెండో విలువ చేసే చెక్కముక్క కోసం, ఏడేళ్ల పిల్ల నా ముందు జేబు తిరగేసింది. గురువారం మోచేతుల దాకా కడుక్కున్న చేతులవి. లెక్కలు చేతితో నేర్చుకోవాలని వచ్చిన పిల్లకు శుక్రవారం ఆ చేతుల్ని అనుమానిస్తారని నేర్పాం. ఆ రాత్రి ట్రైనింగులు గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. వేసవి సెలవుల్లో అయిదు రోజులు ఏసీ హాల్లో ఇవే కడ్డీలతో మేము, నలభై ఏళ్లు దాటినవాళ్లం, గుంపులుగా కూర్చొని ఆడుకున్నాం. మా జేబులు ఎవ్వరూ వెతకలేదు.

నీ జాతికి పూర్వం రోములో జరిగిన పరాభవం నీకు తెలుసో లేదో. 1907లో మారియా మాంటిస్సోరి పేదపిల్లల కోసం బడి తెరిచిన తొలి రోజుల్లో అక్కడ కూడా సామగ్రిని బీరువాలో పెట్టి తాళం వేసేవారు, టీచరే తీసి ఇచ్చేది. ఒకనాడు తాళం వేయడం మరిచిపోయారు. టీచరు వచ్చేసరికి పిల్లలు తలుపు తీసి, ఎవరికి కావలసినది వారు తీసుకొని పనిలో పడి ఉన్నారు. ఆమెకు అది దొంగతనంలా కనిపించింది, శిక్షించాలనుకుంది. మాంటిస్సోరికి మాత్రం, తమకు ఏది కావాలో ఎంచుకోవడం ఆ పిల్లలకు వచ్చేసిందని కనిపించింది. అక్కడితో బీరువా పోయి, పిల్లల చేతికందే ఎత్తులో తలుపులు లేని అరలు వచ్చాయి. నూరేళ్లు దాటాయి. నేను మొన్న ఆ టీచరునే అయ్యాను.

శుక్రవారం నా చేతికి వచ్చిన చాబి శనివారం సెలవు కావడంతో నా దగ్గరే ఉంది. ఇవాళ ఆదివారం హన్మకొండ చౌరస్తా దాకా వెళ్లి, గొడుగు కింద కూర్చొని తాళాలు చేసే ఆయన దగ్గర దానికి జోడీ చేయించాను. డెబ్బై రూపాయలు అడిగాడు, అరవైకి ఒప్పుకున్నాడు. ఏ తాళానికని అడిగితే బడి బీరువాకని చెప్పాను. "పరీక్ష పేపర్లా మేడమ్?" అన్నాడు. నీకు లోకంలో ఉన్న గౌరవం అది.

సోమవారం మొదటి పీరియడుకే వస్తాం. అసలు చాబిని హెడ్మాస్టరు గారికి అప్పగించి, జోడీ సంగతి కూడా ఆయనకు ముఖాముఖి చెబుతాను, కోప్పడితే పడనీ. పంతొమ్మిది మందిలో అందరూ చేతులు కడుక్కొని వస్తారని హామీ ఇవ్వలేను, ఈసారి అడగను కూడా.

ఇట్లు,
రెండవ తరగతి టీచరు

తా.క.: దొరికిన తెల్లముక్కను నేను పేటికలో తిరిగి పెట్టలేదు, నా పర్సులో ఉంది. సోమవారం దాన్ని ముందు ఆ పాప చేతిలో పెడతాను. సాయంత్రానికి తిరిగి రాకపోతే లోటును నా పేరు మీద రాసుకోమని హెడ్మాస్టరు గారికి చెబుతాను.