రెండు బాణాల గుర్తు గల సందేశం గారికి

మహారాజశ్రీ 'చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడిన' వాట్సాప్ సందేశం గారి సముఖమునకు, తిరుపతి కొర్లగుంట నుండి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మూడు డోసుల కోవిడ్ టీకా తర్వాత కూడా నేను కుశలంగా ఉండడం మీకు రుచించదని తెలుసు, మన్నించండి.

2020 ఏప్రిల్‌లో వాట్సాప్ మిమ్మల్ని ఒకసారికి ఒక్క చోటికే పంపాలని కట్టడి చేసినా, 2021 మే నెలలో మా పెద్దనాయన ఫోనులోకి మీరు దారి తప్పకుండా వచ్చి, టీకా పడిన చేతికి ఇనుము అంటుకుంటుందని చెప్పారు. ఆయన నన్ను వరండాలో కూర్చోబెట్టి, చెమటతో జిడ్డుగా ఉన్న నా భుజానికి రూపాయి బిళ్ల అతికించారు. అది నిలిచింది. టీకా పడని ఆయన చేతికీ అంతే చక్కగా నిలిచింది. "నీ పక్కన కూచున్నా గదా, నాకూ సోకినట్టుంది" అన్నారు. పౌడరు రుద్దితే బిళ్ల జారి మంచం కిందికి దొర్లింది. ఆయన దాన్ని వెతుక్కున్నారు గాని అభిప్రాయం మార్చుకోలేదు.

మీరు కేవలం అబద్ధం మీద బతుకుతారనడం మీ తెలివిని తక్కువ చేయడమే. 1975-77 ఎమర్జెన్సీలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి గనుకనే, సూదితో సంతానం పోతుందన్న మీ మాట ఇప్పటికీ చెల్లుతోంది. 2009లో ఖమ్మం జిల్లా బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తర్వాత నమోదైన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలకపోయినా, ఆ సంతకాలు మాత్రం నిజం. పుండు మాది, దాని మీద చల్లే కారం మీది.

రాజకీయమూ మీకు బాగా కలిసొచ్చింది. ధ్రువపత్రం మీద ప్రధానమంత్రి బొమ్మ వేస్తే, టీకా ఒకరికి విజయపతాకం, మరొకరికి ప్రత్యర్థి కండువా అయింది. 2021 జనవరిలో దాన్ని బీజేపీ టీకా అని తోసిపుచ్చిన సమాజ్‌వాదీ పార్టీ నేత అఖిలేష్ యాదవ్, జూన్ నాటికి తామూ వేసుకుంటామన్నారు; ఆ రెండో మాటను మీరు పెద్దనాయనకు చేరవేయలేదు.

మా వీధిలో భర్తను పోగొట్టుకున్న ఒకావిడ మిమ్మల్ని పదేపదే చదివేవారు. కంటికి కనపడని వైరస్‌ను ఎంతసేపని తిట్టగలరు? ఇదంతా చేసింది ఈయనేనంటూ మీరు ఆవిడకు బిల్ గేట్స్‌ను చూపించారు. ఆవిడను చూసి నవ్వడానికి నాకు నోరు రాలేదు.

టీకాకు పరీక్షలు చాలలేదన్న పెద్దనాయనే, పూర్తి స్థాయి పరీక్షలు జరగని కృష్ణపట్నం ఆనందయ్య మూలికల మందు కోసం ప్రయాణం కట్టబోయారు. ఇచ్చే మనిషి ముఖం కనిపిస్తుందట! చివరకు జూలైలో ఆయనను ఒప్పించింది మా వార్డు సచివాలయం నర్సమ్మ. "నాకూ చెయ్యి లాగింది తాతా, రాత్రికి జొరం వస్తాది, మాత్ర వేసుకో" అంది. జ్వరం వచ్చింది. అమ్మాయి ఉన్నమాటే చెప్పిందని తెల్లారి మెచ్చుకున్నారు. ఆ వెంటనే మీ కొత్త అవతారాన్ని నాకు పంపారు.

ఇట్లు,
ఒకనాడు మిమ్మల్ని నాలుగు గ్రూపులకు మోసిన బోయీ