నా బ్రౌజర్ మీద మీ పెత్తనం ఏమిటి?

ఫారమ్ అంతా నింపి చివరి బటన్ నొక్కబోతుంటే తెర మీద ఒక పెట్టె: "మీ బ్రౌజర్‌లో ఈ సైటు పనిచేయదు." నేను వాడేది ఫైర్‌ఫాక్స్, అదీ తాజా వెర్షన్. అది తన పేరును క్రోమ్ అని చెప్పుకునేలా మార్చగానే అదే పేజీ చక్కగా పనిచేసింది. అంటే పేరు చూసి గెంటేశారు, అంతే! ఒళ్లు మండదా మరి?

ఇప్పటికి పేరు మార్చి గట్టెక్కుతున్నాం. ఆ దారీ మూసేస్తే? 2023లో గూగుల్ ఇంజనీర్లు 'వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటిగ్రిటీ' అనే ప్రతిపాదన తెచ్చారు. మన పరికరం నమ్మదగినదేనని మూడో పక్షం ధ్రువీకరించాలి, దాన్ని చూసి సైటు మనల్ని రానివ్వాలో వద్దో తేల్చుకోవాలి. నా సొంత కంప్యూటర్‌కు ఇంకొకరి హామీ ఎందుకు? ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా గట్టిగా వ్యతిరేకించింది. నవంబరులో గూగుల్ వెనక్కి తగ్గింది.

అయినా నాకు ధీమా లేదు. బ్రౌజర్‌లో వీడియోలకు తాళాలు వేసేందుకు వాడే ఈఎంఈ అనే పద్ధతిని 2017లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ అభ్యంతరాలను కాదని ప్రమాణంగా ఆమోదించింది. నిరసనగా డిజిటల్ హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ డబ్ల్యూ3సీ నుంచి తప్పుకుంది. పైగా ఎడ్జ్, ఒపేరా బ్రౌజర్లు కూడా లోపల క్రోమియమే, అంటే క్రోమ్‌కు ఆధారమైన గూగుల్ కోడే. ఇలాంటి ప్రతిపాదన మళ్లీ వస్తే కాదనడానికి సొంత ఇంజిన్ (పేజీని తెర మీద చూపే లోపలి భాగం) ఉన్నవాళ్లు ఎందరు మిగిలారు?