కడుపు ఆమెది, సంతకం ఆయనదా?

పెళ్లయిన ఆడమనిషి అబార్షన్ చేయించుకోవాలంటే భర్త సంతకం కావాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. 1971లో వచ్చిన ఎంటీపీ చట్టంలో (అబార్షన్ ఎప్పుడు, ఎట్లా చేయొచ్చో చెప్పే చట్టం ఇదే) ఆ మాట లేదు, 2021లో సవరించినప్పుడూ చేర్చలేదు. 18 ఏళ్లు నిండిన మనిషి తాను ఒప్పుకుంటే చాలు. అయినా మన వరంగల్, హన్మకొండల్లో కూడా "మీ ఆయన్ని తీసుకురా" అనే మాట ఇంకా వినపడుతూనే ఉంది.

మా చిన్నమ్మ కూతురు ఒప్పుకున్నాకే ఆమె సంగతి రాస్తున్నాను. ఆమెకు ఇద్దరు పిల్లలు. రెండోసారి పెద్దాపరేషన్ అయింది. ఆ పిల్ల ఇంకా పాలు తాగుతుండగానే మళ్లీ నెల తప్పింది. భర్త భివండిలో మగ్గం పని. ఊరి నుంచి బస్సెక్కి ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, ఆయన వచ్చి సంతకం పెడితేనే చూస్తామన్నారు. ఫోన్‌లో మాట్లాడిస్తానన్నా వినలేదు. ఇక ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గోలీలు తెచ్చుకుని, అత్తమ్మకు తెలియకుండా మింగింది. ఎన్ని వారాలైందో చూసినవాళ్లు లేరు, గోలీలు ఎట్లా వేసుకోవాలో చెప్పినవాళ్లూ లేరు. రక్తం ఆగడం లేదు. పాత చీర చింపి పెట్టుకుంటూ, బాత్రూంలో గోడకు ఆనుకుని కూర్చుని అర్ధరాత్రి నాకు ఫోన్ చేసింది. "అక్కా, ఎవరికీ చెప్పకు" అన్నదే మొదటి మాట. కళ్లు తిరుగుతున్నాయని ఆ తర్వాత చెప్పింది. 108లో తీసుకుపోయి రక్తం ఎక్కిస్తే గానీ మనిషి నిలబడలేదు. అక్కడ కూడా, మంచం మీద తెల్లగా పాలిపోయి ఉన్న మనిషిని చూసి ఒకామె "పాపం చేస్తే ఇట్లనే అయితది" అంది.

ఆ పాపం సంగతే మాట్లాడదాం. లోపల ఉన్నది ప్రాణం కాదని నేను అనను. ఏడో నెల కడుపు మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. కానీ ఆరు వారాల పిండం, ఏడో నెల బిడ్డ ఒకటేనని కూడా నేను ఒప్పుకోను. చట్టం కూడా ఒకటిగా చూడదు. 20 వారాల వరకు ఒక డాక్టర్ సరేనంటే చాలు. 24 వారాల దాకా కొందరికి మాత్రమే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే. ఆపైన బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం మీదికి వస్తే మాత్రం వారాల లెక్క అడ్డం రాదు. 2023 అక్టోబరులో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె 26 వారాలప్పుడు అడిగితే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ తీర్పు తప్పని గట్టిగా అనలేకపోతున్నాను. ఆ తల్లి తప్పని మాత్రం అసలే అనలేను. అది నిజంగా కష్టమైన ప్రశ్న. మా చెల్లెది అట్లాంటిది కాదు. ఆమె మొదటి నెలల్లోనే, చట్టం చెప్పినట్టే డాక్టర్ దగ్గరికి పోయింది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. కడుపు తీయించుకోవడం పాపమనే ఇళ్లల్లోనే, ఇద్దరు ఆడపిల్లల తర్వాత "ఒకసారి స్కానింగ్ చేయించి చూద్దాం" అనే మాట వస్తుంది. కడుపులో ఉన్నది ఆడో మగో చూసి చెప్పొద్దని 1994 చట్టం అన్నా ఈ దందా ఆగలేదు. 2023లో వరంగల్ పోలీసులు లింగ నిర్ధారణ చేసి అబార్షన్లు చేయిస్తున్న ముఠాను పట్టుకున్నారు. పట్టుకోవాల్సిందే, శిక్ష పడాల్సిందే. కానీ ఆ భయంతో అబార్షన్ గోలీల మీదే పడితే లాభం లేదు. డాక్టర్ పర్యవేక్షణలో ఆ గోలీలు వాడేది తొమ్మిది వారాల లోపు. అప్పటికి పుట్టేది ఆడో మగో స్కానింగ్‌లో తెలియనే తెలియదు. నిఘా పెట్టాల్సింది స్కానింగ్ మెషిన్ల మీద. గోలీలు సరైన చోట దొరక్కుండా చేస్తే దెబ్బతినేది మా చెల్లెలాంటి వాళ్లే.

డాక్టర్ల భయం కూడా నాకు అర్థమవుతుంది. రేపు భర్త పదిమందిని వెంటేసుకుని వస్తే వాళ్లకు అండగా నిలబడేదెవరు? పైగా మన దగ్గర అబార్షన్ ఇంకా మొదట నేరమే. పాత ఐపీసీ 312, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్. ఎంటీపీ చట్టం దానికి మినహాయింపు మాత్రమే, కేసు నుంచి డాక్టర్‌కు ఇచ్చిన రక్షణ. ఆడమనిషి హక్కుగా అడిగి తీసుకునేట్టు దాన్ని రాయలేదు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొంత ముందుకు పోయింది. పెళ్లికాని వాళ్లకూ 24 వారాల అవకాశం ఉంటుందంది. భర్త బలవంతం చేసి వచ్చిన గర్భాన్ని కూడా, ఈ చట్టం వరకు, అత్యాచారం కిందే చూడాలంది. అంత మాట ఢిల్లీలో అన్నాక ఇక్కడ కౌంటర్ దగ్గర "ఆయన ఏడి?" అని అడిగే హక్కు ఎవరిచ్చారు?

భర్తకు చెప్పొద్దని నేను అనడం లేదు. చెప్పుకునే సంసారాల్లో చెప్పుకుంటారు. మా చెల్లె కూడా చెప్పింది, ఆయన సరేనన్నాడు కూడా. కానీ ఆసుపత్రికి ఆ మాట చాల్లేదు, ఆయనే ఎదురుగా వచ్చి కాగితం మీద సంతకం పెట్టాలి.

జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసు వాళ్లను నేను అడిగేది ఒక్కటే. అనుమతి ఉన్న ప్రతి ఆసుపత్రిలో, పెద్దక్షరాల తెలుగులో, ఆడమనిషి ఒప్పుకుంటే చాలని, ఆమె వివరాలు బయటపెడితే జైలుశిక్ష ఉంటుందని బోర్డు పెట్టించండి. అది వచ్చేలోపు మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం పడితే, సంతకం అడిగిన చోట ఫారం సి చూపించమనండి. ఒప్పుకోలు రాసిచ్చేది అందులోనే. 18 ఏళ్లు నిండిన మనిషి విషయంలో భర్త సంతకానికి దాంట్లో చోటే లేదు.