సర్వర్‌ను చూడకుండానే సర్వర్ గురించి పరీక్ష రాస్తున్నాం

గ్రంథాలయ శాస్త్రంలో పీజీ చదువుతున్న విద్యార్థినిగా, చాలాకాలంగా నన్ను వేధిస్తున్న విషయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మా కోర్సులో వెబ్ టెక్నాలజీకి ప్రత్యేకంగా ఒక పేపరు ఉంది. అడిగినవారికి వెబ్ పేజీలను పంపే వెబ్ సర్వర్ అంటే ఏమిటో నిర్వచించి, దాని లక్షణాలను వివరించమని అందులో ప్రశ్న వస్తుంది. రెండు పేజీల జవాబు రాసి, మధ్యలో ఒక పటం గీస్తే మంచి మార్కులే పడతాయి. అయితే ఆ జవాబు రాసే మాలో ఎక్కువమంది ఒక సర్వర్‌ను ఎన్నడూ నడపలేదు, దాని ముందు కూర్చోలేదు, అది ఆగిపోతే ఏం చేయాలో తెలియకుండానే డిగ్రీ పట్టా చేతికి అందుకుంటారు. రేపు ఒక కళాశాల గ్రంథాలయం బాధ్యత మా మీద పడినప్పుడు, మొదటి రోజే ఎదురయ్యేది ఆ సర్వరే.

పుస్తకం వివరాలను నమోదు చేయడానికి వాడే డబ్లిన్ కోర్ ప్రమాణంలోని 15 అంశాలను మాలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా వరుసగా అప్పజెప్పగలరు. కానీ ఒక తెలుగు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఆ 15 అంశాలనూ దీనికి నింపమంటే చేయి ఆగిపోతుంది. అనువాదకుని పేరు కర్త గడిలో రాయాలా, సహకర్త గడిలో రాయాలా? ముద్రణ సంవత్సరం పుస్తకంలో ఎక్కడా లేకపోతే తేదీ గడిని ఖాళీగా వదలాలా? ముఖపత్రం మీద ఒక పేరు, లోపలి పేజీలో మరో పేరు ఉంటే దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి? ఇలాంటి ప్రశ్నలు పుస్తకం చేతిలో ఉన్నప్పుడే పుడతాయి, నోట్సు బట్టీ పడుతున్నప్పుడు పుట్టవు. పుస్తకాల రికార్డుల రూపాన్ని నిర్దేశించే మార్క్ 21, వాటిని ఇతర గ్రంథాలయాల్లో వెతికే జడ్39.50, వాటి వివరాలను సేకరించే ఓఏఐ-పీఎంహెచ్ వంటివన్నీ మాకు నిర్వచనాలుగానే మిగిలిపోతున్నాయి.

ఈ కోర్సులోకి ఎవరు వస్తారన్నది కూడా చెప్పాలి. ఏ డిగ్రీ చదివినవారికైనా ఇందులో ప్రవేశం ఉంటుంది కాబట్టి చరిత్ర, తెలుగు, రాజనీతి శాస్త్రం, కామర్స్ చదివినవారు ఎక్కువగా వస్తారు. పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి, కుటుంబంలో తొలిసారి కళాశాల మెట్లెక్కిన ఇళ్ల నుంచి వచ్చేవారు చాలామంది. గురుకులాల్లోనో, జూనియర్ కళాశాలల్లోనో లైబ్రేరియన్ ఉద్యోగం వస్తుందన్న ఆశతో చేరతారు. వారిలో చాలామందికి ఇంటర్నెట్ అంటే చేతిలోని ఫోనే, ల్యాప్‌టాప్ ఉండదు. అలాంటి విద్యార్థికి లైనక్స్, అపాచీ, పెర్ల్, మరియాడీబీ అన్న నాలుగు పేర్లను ఒకే తరగతిలో చెప్పి, ‘గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ కోహా వీటి మీద నడుస్తుంది, రాసుకోండి’ అంటే, ఆ విద్యార్థి రాసుకుంటాడు. రాసుకోవడం తప్ప మరేం చేయగలడు?

కోహాను 1999లో న్యూజిలాండ్‌లోని హొరొవెనువా గ్రంథాలయాల కోసం తయారు చేశారు, 2000 జనవరి నుంచి అక్కడ వాడుకలోకి వచ్చింది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఇంత ఉదారంగా దొరికే సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకోవడానికి మాకు అడ్డుపడుతున్నది డబ్బు కానే కాదు, పక్కన కూర్చుని చూపించే మనిషి లేకపోవడం. నేను ఒక పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని పెట్టుకున్నప్పుడు, సూచనల్లో ఉన్నదంతా చేసినా సిబ్బంది వాడే పేజీ తెరుచుకోలేదు. 8080 పోర్టు (సర్వర్‌లోకి వచ్చే ద్వారం) మీద వచ్చే అభ్యర్థనలను స్వీకరించమని వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ అయిన అపాచీ కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక పంక్తి చేర్చాలని, నాకు పరిచయమున్న ఒక ఇంజినీరింగ్ కళాశాల లైబ్రేరియన్ ఫోనులో చెప్పారు. ‘పుస్తకం చదివితే వచ్చేది కాదమ్మా ఇది, చెడగొట్టుకుంటూ బాగుచేసుకుంటూ పోతేనే వస్తుంది. పాడైతే మళ్లీ మొదటి నుంచి వేసుకుందాం, భయపడకు’ అన్నారు. చెడిపోయినా ఫరవాలేదన్న ఆ భరోసా మా ప్రయోగశాలలో ఎన్నడూ దొరకలేదు. అక్కడి కంప్యూటర్లలో ఏదైనా ఇన్‌స్టాల్ చేయడానికి విద్యార్థులకు అనుమతి లేదు, ముట్టుకుంటే పాడవుతాయన్న భయమే ముందుగా నేర్పుతారు.

ఇంతవరకు చెప్పినవి ఏ రాష్ట్రంలోని విద్యార్థికైనా వర్తించే ఇబ్బందులు. తెలుగు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి సమస్య మరింత లోతుగా ఉంటుంది, నా బాధ ప్రధానంగా దాని గురించే. కోహాలో పుస్తకాలను వెతికిపెట్టే జీబ్రా అనే భాగం, మొదట వచ్చే అమరికలో, తెలుగు లిపిలోని పదాలను సరిగా పట్టుకోదు. పుస్తకం వివరాలన్నీ తెలుగులో శ్రద్ధగా ఎక్కించిన తరువాత కూడా ఓపాక్‌లో (పాఠకులు వెతికే ఆన్‌లైన్ జాబితాలో) వెతికితే ఫలితం రాకపోవచ్చు. దాని ఆకృతీకరణ ఫైలులో అక్షర పట్టిక బదులు వివిధ లిపులను గుర్తించగల ఐసీయూ అనే పద్ధతిని వాడమని సూచించే పంక్తులను పెట్టి, సూచికను తిరిగి నిర్మించాలి. తెలిసినవారికి ఇది కొద్దిసేపటి పని. తెలియనివారు ‘తెలుగు పనిచేయదట’ అని తేల్చుకుని, పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో ఎక్కించడం మొదలుపెడతారు. అలా రోమన్ లిపిలోకి వెళ్లిన తెలుగు పుస్తకం ఆ గ్రంథాలయంలో సగం మాయమైనట్లే. ‘ఠ’కు ఒకరు ఒక విధంగా, మరొకరు మరో విధంగా స్పెల్లింగ్ రాస్తారు, దీర్ఘానికి ఒకరు అక్షరాన్ని రెండుసార్లు వేస్తారు, మరొకరు ఒక్కసారే వేస్తారు. పాఠకుడు ఎన్ని స్పెల్లింగులని ఊహించగలడు?

తెలుగు లిపిలోనే ఎక్కించినా పని పూర్తి కాదు. ముఖపత్రం మీద ‘శతకము’ అని ఉంటుంది, పాఠకుడు ‘శతకం’ అని టైపు చేస్తాడు. యంత్రానికి ఆ రెండూ వేర్వేరు పదాలు. దీనికి పరిష్కారం మార్క్ 21లో ఉండనే ఉంది. 245 సంఖ్య గల ఫీల్డులో, అంటే గడిలో, ముఖపత్రం మీది శీర్షికను ఉన్నది ఉన్నట్లు రాసి, 246 ఫీల్డులో రెండో రూపాన్ని చేర్చాలి. మా పాఠంలో 246 గురించి ‘శీర్షిక యొక్క ఇతర రూపములు’ అన్న ఒక్క పంక్తి ఉంది. తెలుగు పుస్తకానికి అది ఎంత ప్రాణప్రదమైన ఫీల్డో ఆ పంక్తి చెప్పదు. కొన్ని పదాల మధ్య కంటికి కనిపించని విభజన అక్షరం వచ్చి చేరుతుంది. ‘వెబ్‌సైట్’ అన్న పదాన్ని ఒక కీబోర్డు దానితో, మరో కీబోర్డు అది లేకుండా ఇస్తాయి. తెర మీద రూపం కాస్త మారినా చదివేవారికి అది ఒకే పదం, కానీ వెతుకులాట విఫలం కావచ్చు.

రచయితల పేర్ల విషయంలోనూ ఇదే ఇబ్బంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. గురజాడ అప్పారావు అంటాం. ఉల్లేఖనాలకు వాడే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉంటాయి. శైలిని బట్టి అది ఒకచోట ‘గురజాడ, అప్పారావు’ అని, మరోచోట ‘అప్పారావు గురజాడ’ అని ముద్రిస్తుంది. రెండు గడులను ఒకే గడిగా మార్చుకునే వీలు జొటెరోలోనే ఉంది, ఒక్క నొక్కుతో అయిపోతుంది. తెలుగు సాహిత్యంలో పరిశోధన చేస్తున్న ఎంతోమంది దీన్ని తెలుసుకోకుండానే సిద్ధాంత గ్రంథాలు సమర్పిస్తున్నారు. వారికి చెప్పవలసిన లైబ్రేరియన్లం మేమే కదా! గ్రంథాలయాల జాబితాల్లో అయితే ఒకే రచయిత పూర్తి పేరుతో ఒకచోట, పొడి అక్షరాలతో ఒకచోట, ఇంటిపేరు లేకుండా మరొకచోట కనిపిస్తాడు. రచయిత ప్రామాణిక పేరును నిర్ణయించే అథారిటీ రికార్డు ఒకటి తయారుచేసి, మిగిలిన రూపాలను 400 ఫీల్డులో ఇస్తే, పాఠకుడు ఏ రూపంతో వెతికినా సరైన పేరు దగ్గరికి చేర్చవచ్చు.

పాత జాబితాల సంగతి ఇంకో కథ. అన్ని లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే స్థానం ఉన్నా, మన డీటీపీ రంగం చాలాకాలం యూనికోడ్ కాని అను ఫాంట్ల మీదే నడిచింది. అప్పట్లో ఆ ఫాంట్లలో టైపు చేయించిన జాబితాలను ఇప్పుడు మరో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చడం, మార్చాక తప్పిన ఒత్తులను సరిచూడడం, ఎక్సెల్ పట్టికను మార్క్‌ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మార్క్ రికార్డులుగా మలచడం అన్నవి ప్రతి పాత గ్రంథాలయంలో చేయవలసిన పనులు. మా సిలబస్‌లో వీటికి ఒక్క గంట కూడా లేదు.

దీని పర్యవసానం ఏమిటో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను వాడినవారికి తెలుసు. వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి పెట్టారు, అది ఎంతో గొప్ప పని. అయితే పేర్లను తప్పుల తడకలైన రోమన్ స్పెల్లింగులతో ఎక్కించడం వల్ల, ఉన్న పుస్తకమే దొరకని పరిస్థితి ఏర్పడింది. ఆ జాబితాను తెలుగు లిపిలో మళ్లీ రాసుకునే పనికి తెలుగు వికీపీడియా స్వచ్ఛంద సభ్యులు పూనుకున్నారు. వారి పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. గ్రంథాలయ శాస్త్రం చదివిన మనం చేయవలసిన పనిని వారు తమ తీరిక సమయంలో చేశారని తలచుకున్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంటుంది.

మన ప్రాంతానికి ఈ విద్యలో ఉన్న చరిత్ర చిన్నది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1935లోనే గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా కోర్సు మొదలైంది. అదే సంవత్సరం పాతూరి నాగభూషణం కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ చేర్చారు. పాఠకుడు ఉన్నచోటికి పుస్తకం వెళ్లాలన్న పట్టుదల వారిది. ఇప్పటి పాఠకుడు వెతుకుతున్నది వెబ్‌లో కాబట్టి, అక్కడికి తెలుగు పుస్తకాన్ని చేర్చే విద్య మాకు రావాలి. హైదరాబాదులో తయారైన న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌ను 2008లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు. మన నగరంలో పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్ మా తరగతిలో ఒక మార్కు బిట్టు ప్రశ్నగా తప్ప కనిపించలేదు.

ఈ మాటలు పెద్దల దగ్గర అన్నప్పుడు వచ్చే సమాధానాలను కొట్టిపారేయను. విభాగాల్లో రెగ్యులర్ అధ్యాపకుల పోస్టులు ఖాళీగా ఉండడం, ఉన్నవారే నాలుగైదు పేపర్లు చెప్పవలసి రావడం నిజం. అధ్యాపక అర్హతకు రాసే నెట్, సెట్ పరీక్షల్లో బహుళైచ్ఛిక ప్రశ్నలే వస్తాయి కాబట్టి ఏ ప్రొటోకాల్ ఏ సంవత్సరానిదో తెలియడమే విద్యార్థికి లాభమన్న వాదనలోనూ కొంత న్యాయం ఉంది. కానీ ‘లైబ్రేరియన్‌కు ఇవన్నీ ఎందుకు, కంపెనీవాళ్లు చూసుకుంటారు’ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. కంపెనీతో ఒప్పందం ముగిసిన రోజున, మన పుస్తకాల రికార్డులను మార్క్ రూపంలో బయటికి తీసుకోవడం తెలియకపోతే, ఏళ్ల తరబడి సిబ్బంది ఎక్కించిన వివరాలన్నీ వారి దగ్గరే చిక్కుకుపోతాయి. యాక్సెషన్ రిజిస్టరును (గ్రంథాలయానికి చేరిన పుస్తకాల నమోదు పుస్తకాన్ని) పరాయివారి బీరువాలో పెట్టి తాళం వారికే ఇచ్చే లైబ్రేరియన్ ఎవరైనా ఉంటారా?

ఆన్‌లైన్ వెబినార్లు ఉన్నాయి కదా అని కొందరంటారు. వాటిలో చాలావరకు గంటన్నర ఉపన్యాసం, చివర ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం, అది నింపితే ఈ-మెయిలుకు సర్టిఫికెట్. కోహా మీద సర్టిఫికెట్లు ఉండి, కోహాలో ఒక్క పుస్తకం కూడా ఎక్కించనివారు నా తోటివారిలోనే ఉన్నారు, అది వారి తప్పని నేను అనను. ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు మాత్రం నిజంగా పనికొస్తాయి. విద్యార్థి తన యంత్రం మీద వెంట వెంట చేసుకుంటూ పోయేలా వాటిని రూపొందించారు.

అందువల్ల విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలకు నా విన్నపం ఇది. వెబ్ టెక్నాలజీ పేపరులో సగం మార్కులను రాతపరీక్ష నుంచి తప్పించి యంత్రం ముందు చేసే పనికి కేటాయించండి. విభాగంలో మూలన పడి ఉన్న ఒక కంప్యూటర్‌లో లైనక్స్ వేసి, చెడగొట్టుకోవడానికే అని చెప్పి విద్యార్థులకు అప్పగించండి. ప్రతి విద్యార్థీ తన ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లి, కొన్ని తెలుగు పుస్తకాలను ముఖపత్రం చూసి కోహాలో ఎక్కించి, ఏ రూపంలో వెతికినా అవి దొరికేలా చేసి, ఆ రికార్డులను ఫైలుగా బయటికి తీసి సమర్పించాలని నిబంధన పెట్టండి. ఆ ఫైళ్లన్నీ ఒకచోట చేరిస్తే, ఏ గ్రంథాలయమైనా మళ్లీ టైపు చేయకుండా వాడుకోగలిగే తెలుగు పుస్తకాల రికార్డులు ఏటేటా పోగవుతాయి. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు, లైసెన్సు రుసుము అక్కరలేదు.

అనుమతులు వచ్చేదాకా ఆగలేక, మేము కొందరం కలిసి కోహా స్థాపన విధానాన్ని తెలుగులో మెట్టుమెట్టుగా రాస్తున్నాం. తెర మీద వచ్చే ఇంగ్లీషు దోష సందేశాలకు తెలుగులో అర్థం, అవి వచ్చే కారణం, చేయవలసిన పని అందులో ఉంటాయి. కావలసినవారు కింద చెప్పండి, పంపిస్తాను. పోర్టు దగ్గర ఆగిపోయినవారు రెండో అధ్యాయం చూడండి. ఐసీయూ అమరిక చేసినా తెలుగు పదం దొరకడం లేదంటే, మార్పు తరువాత జీబ్రా సూచికను పూర్తిగా తిరిగి నిర్మించారో లేదో ముందు సరిచూసుకోండి.