టీవీకి సహించని వీడియో

పేరు మారిస్తే సగం రోగం నయమవుతుందని మా బావ నమ్మకం. పాత క్యామ్‌కార్డర్ టేపులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఇంటి వీడియో ఒకటి ఎంకేవీ ఫైల్‌గా ఉంది. కంప్యూటర్‌లో బ్రహ్మాండంగా ఆడుతోంది. పెన్ డ్రైవ్‌లో వేసి మా పాత టీవీకి గుచ్చితే మాత్రం "ఈ ఫార్మాట్ సపోర్ట్ చేయదు" అంటోంది. బావ ఫైల్ పేరు చివర ఎంకేవీ తీసేసి ఎంపీ4 అని కొట్టాడు. "ఇప్పుడెలా ఆడదో చూస్తా" అన్నాడు. టీవీ కాసేపు ఆలోచించి పాత మాటే చెప్పింది.

"ఎంకేవీ, ఎంపీ4, ఏవీఐ ఇవన్నీ డబ్బాలు బావా. బొమ్మా, సౌండూ లోపల ఉంటాయి. ఉప్పు డబ్బా మీద పంచదార అని రాస్తే తియ్యబడుతుందా?"

"అయితే లోపలిదే మార్చేద్దాం!"

ఎక్కడో ఫ్రీ కన్వర్టర్ దొరికింది. (ఫ్రీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాస్తే అంత అనుమానించాలి.) అందులో హెచ్.264, హెచ్.265 అని బొమ్మను కుదించే పద్ధతులు రెండున్నాయి. నంబర్ పెద్దదైతే క్వాలిటీ ఎక్కువని బావ రెండోది నొక్కాడు. మొదటిది 2003లో వచ్చింది, రెండోది 2013లో. కొత్తది దాదాపు సగం సైజులో అదే బొమ్మ ఇవ్వగలదు, నిజమే. కానీ దాన్ని తయారుచేయడానికి ప్రాసెసర్ నానా చాకిరీ చేయాలి, చూపించే టీవీకీ ఆ విద్య వచ్చి ఉండాలి. మా టీవీ అంతకుముందే పుట్టింది.

సాయంత్రమంతా ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు. 99 శాతం దాకా పరిగెత్తి, మిగిలిన ఆ ఒక్క శాతం దగ్గర చతికిలబడింది. కదిలితే ఎక్కడ వెనక్కి పోతుందోనని బావ దానికెదురుగా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తీరా టీవీకి పెడితే సౌండ్ ఒక్కటే వచ్చింది. నల్లటి తెర ముందు అందరం వరసగా కూర్చుని మా చిన్నప్పటి అల్లరి విన్నాం.

"ఏమిట్రా ఇది, కరెంటు పోయినప్పుడు తీశారా?" అంది అత్తయ్య.

ఈసారి హెచ్.264, క్వాలిటీ మాత్రం "అల్ట్రా హై". టేపులో లేని క్లారిటీ ఏ బటన్ నొక్కినా రాదు. ఫైల్ ఒక్కటే ఊరిపోయింది. పెన్ డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా కాపీ కానంది. పెన్ డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి ఫ్యాట్32, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు మరి. సైజు తగ్గించి మళ్లీ చేస్తే ఎట్టకేలకు బొమ్మ వచ్చింది. కాకపోతే 4:3 కొలత టేపును 16:9 వెడల్పు తెరకి సాగదీయడంతో బక్కపలచని మామయ్య నిలువుకన్నా అడ్డం ఎక్కువయ్యాడు. అత్తయ్య మొహం మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా "ట్రయల్ వెర్షన్" అని వాటర్‌మార్క్.

"ఒరేయ్, వాడి దగ్గర్నుంచి అది లాక్కో" అంది అత్తయ్య నాతో.

వీఎల్‌సీ ప్లేయర్‌లో కోడెక్ (బొమ్మా, సౌండూ కుదించిన పద్ధతి) వివరాలు తెరిస్తే, అసలు ఫైల్‌లో బొమ్మ హెచ్.264, సౌండ్ ఏఏసీ. టీవీకి రెండూ వచ్చు, పడనిది డబ్బా ఒక్కటే. 2000లో ఫాబ్రీస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియోలు మార్చే ప్రోగ్రామ్ ఉంది కదా (ఇది నిజంగానే ఫ్రీ), దానికి "కాపీ" అని చెబితే లోపలి సరుకు ముట్టుకోకుండా డబ్బా మాత్రం మారుస్తుంది. మళ్లీ కుదించే పని లేదు కాబట్టి క్వాలిటీ పోదు. ఫ్యాన్ ఊసెత్తకముందే అయిపోయింది. టీవీలో బొమ్మా వచ్చింది, సౌండూ వచ్చింది, మామయ్య మామూలు మనిషయ్యాడు.

బావ మొహంలో మాత్రం సంతోషం లేదు. "ఇంత తొందరగా అయిందంటే ఎక్కడో ఏదో తగ్గే ఉంటుంది" అంటూ ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. "ఉండు, ఎందుకైనా మంచిది, హెచ్.265లో ఇంకోసారి కన్వర్ట్ చేసి పెడతా."