స్టైలిష్ ఫాంట్ల జాబితాలో తెలుగును చేర్చవలసిందిగా వినతి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పెద్దలకు శుభవార్త. మన పిల్లలు మళ్ళీ అక్షరాల మీద శ్రద్ధ పెడుతున్నారు. నమ్మకపోతే బరంపురంలో ఏ ప్లస్ టూ కుర్రాడి వాట్సాప్ స్టేటస్ అయినా తెరిచి చూడండి. పేరులో ప్రతి అక్షరానికీ నెత్తిన కొమ్ములు, కింద తోకలు, నడుముకు అడ్డగీతలు. కొన్ని పై లైనులోకి ఎగబాకుతాయి, కొన్ని కింది లైనులోకి కారిపోతాయి. అక్షరాన్ని ఇంతగా అలంకరించిన తరం మన జిల్లాల్లో ముందెప్పుడూ లేదు. ఆ అక్షరాలు తెలుగువి కాకపోవడం చిన్న విషయం. దాన్ని పట్టుకుని వేలాడే వయసు కాదు మనది.

దీన్ని గ్లిచ్ టెక్స్ట్ అంటారు. పాత కామిక్ బొమ్మలను భయంకరంగా మార్చే ఇంటర్నెట్ సరదా ఒకటి 2004లో మొదలైంది. అందులోని భూతం పేరు మీద దీనికి జాల్గో అనే పేరు కూడా స్థిరపడింది. తయారీ విధానం తెలిస్తే మాత్రం గౌరవం పుట్టుకొస్తుంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ నంబర్లు కేటాయించే యూనికోడ్‌లో, ముందున్న అక్షరం మీదో కిందో ఎక్కి కూర్చునే గుర్తుల కోసం ప్రత్యేకంగా ఒక కాలనీ కట్టారు. అందులో 112 గుర్తులు కాపురముంటాయి. వీటి అసలు పని ఉచ్చారణ చూపించడం. వియత్నాం భాషలో ఒకే అచ్చు మీద రెండేసి గుర్తులు కనిపిస్తాయి. ఒకటి అది ఏ అచ్చో చెబుతుంది, రెండోది దాన్ని ఏ స్వరంలో పలకాలో చెబుతుంది. రెండూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

అయితే ఒక అక్షరం మీదికి ఎన్ని గుర్తులు ఎక్కవచ్చో యూనికోడ్ హద్దు పెట్టలేదు. వరసగా 30 దాటకుండా చూసుకునే పద్ధతి ఒకటి అనుబంధంలో రాసిపెట్టారు గానీ, పాటించి తీరాలని ఎవరినీ నిర్బంధించలేదు. ఇంకేం, మన కుర్రాళ్ళు ఆ కాలనీ మొత్తాన్ని ఖాళీ చేయించి ఒక్క అక్షరం నెత్తికెక్కించారు. ఏ గుర్తుకీ పని లేదు, అన్నీ హాజరు వేయించుకుంటున్నాయి. ఇది చూసి కొన్ని ఆఫీసులు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

దీనివల్ల సమాజానికి జరిగిన మేలు కూడా చెప్పుకోవాలి. మా వీధిలో ఒక పెళ్ళికొడుకు తన శుభలేఖను వాట్సాప్‌లో ఈ శైలిలోనే పంచాడు. పెళ్ళికూతురి పేరు, ముహూర్తం, కల్యాణమండపం అన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. కొత్త సంసారానికి శుభసూచకమే. అది అందుకున్న పెద్దాయన ఫోన్ పట్టుకుని రిపేరు షాపుకు పరుగెత్తాడు.

"ఏటో అయిపోనాది బాబూ, నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు అక్షరాలన్నీ చెదిరిపోతన్నాయి."

"డిస్‌ప్లే పోయింది పెద్దాయనా, మార్చాలి," అన్నాడు షాపు కుర్రాడు. మార్చాడు. కొత్త డిస్‌ప్లే మీద ఆ శుభలేఖ ఇంకా స్పష్టంగా చెదిరి కనిపించింది. ఒక పెళ్ళి, ఒక దుకాణానికి బేరం, ఒక వృద్ధుడికి సాంకేతిక విద్య. ఏ పథకం కింద ఇన్ని ప్రయోజనాలు ఒకేసారి అందుతాయి?

కొమ్ములూ తోకలూ వద్దనుకునే సౌమ్యులకు ఇంకో రకం ఉంది. లావు అక్షరాలు, వాలు అక్షరాలు, పాత జర్మన్ పుస్తకాల్లో కనిపించే వంకర అక్షరాలు. ఇవి అక్షరాలే కావు. గణిత శాస్త్రజ్ఞులు సమీకరణాలు రాసుకోవడానికి 2001లో యూనికోడ్‌లో చేరిన గుర్తులు. వీటిని పేరు కింద పెట్టుకోవడమంటే బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్రలో పులి వేషం కట్టడం లాంటిదే. చూసేవాళ్ళకు పులి, లోపల మన పక్కింటి అబ్బాయి. తేడా ఏమిటంటే యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది, అయిపోగానే రంగు కడుక్కుంటారు. ఇక్కడ కడుక్కునేది లేదు. చూపు లేనివాళ్ళకు తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఈ వేషం దగ్గర ఆగిపోతుంది. ఒక్కో అక్షరాన్నీ గణిత గుర్తుగా ఏకరువు పెడుతుంది, లేదా నోరు మూసుకుని దాటేస్తుంది. "స్టైల్ బాబాయ్" అంటాడు కుర్రాడు. వినలేకపోయినవాళ్ళ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టి చెబుతున్నాను, ఇదొక్కటి మాత్రం మానుకోవచ్చు.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకు వస్తాను. ఈ కళ కనిపెట్టిన ఘనత ఎక్కడివాళ్ళకో పోతోంది. సరిహద్దు తెలుగువాళ్ళు దీన్ని ఏ యాప్ సాయం లేకుండా ఎప్పటినుంచో చేస్తున్నారు. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ ఎక్కడైనా సరే, ఉగాదికి కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి చదవండి: "శ్ రీ ఉగాది శుభాకాంక్ షలు". డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల అమరిక ఆన్ చేయకపోతే వత్తు తన అక్షరం కిందికి దిగదు, పక్కన నిలబడిపోతుంది. ఆ అమరిక ఎక్కడుందో ఆపరేటర్‌కు తెలియదు. తెలిసినా, అతను చదువుకున్నది ఒడియా గనుక వత్తు దిగిందో లేదో చూసి చెప్పలేడు. చెప్పగలిగిన మనం అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటాం. అందులోనూ అమ్మవారి పేరు కింద మన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది కదా, ఇంగ్లీషులో.

యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టించిన కరపత్రం ఇంకా గొప్పది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా డాలర్లు, పర్సెంట్లు, యూరప్ అక్షరాలుగా ప్రవహిస్తుంది. అసలు ఏ తెలుగు ఫాంటూ లేని మెషీన్‌లో అయితే వరసగా ఖాళీ డబ్బాలు. ఇంకో మర్యాద గురించి కూడా చెప్పాలి. గుడి, కొమ్ము, ఏత్వం లాంటి గుర్తు తన అక్షరాన్ని పోగొట్టుకుని ఒంటరిగా మిగిలితే, కంప్యూటర్ దానికి చుక్కలతో గీసిన సున్నా ఒకటి ఇచ్చి దాని మీద కూర్చోబెడుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీతకు ఇటువైపు మిగిలిపోయినవాళ్ళ భాషకు ఆ పాటి చుక్కల సున్నా ఇచ్చిన శాఖ అటూ లేదు, ఇటూ లేదు.

ఆ సంవత్సరం మన ప్రాంతంలో అక్షరాలకు చాలా పని తగిలింది. పర్లాకిమిడిలో దశాబ్దాలపాటు చదువు చెప్పిన గిడుగు రామమూర్తి, ఊరు ఒడిశాలో కలవడం నచ్చక అప్పుడే ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ ఏడే మంగేయి గొమాంగో సవర గిరిజనుల కోసం సొరాంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. అది 2012లో యూనికోడ్‌లోకి ఎక్కింది. గిడుగు కూడా సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చినవారే. 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసిన ఆయన సవర పుస్తకం పేరులోనే, సోరా అన్న మాటలో దీర్ఘాలు చూపించడానికి రోమన్ అక్షరాల పక్కన రెండేసి చుక్కలు కనిపిస్తాయి. కొండ మీది మనిషి నోట్లో ధ్వని ఎంతసేపు సాగిందో కాగితం మీదికి దించడానికి ఆయన చుక్కలు పెట్టారు. అదే జిల్లాలో ఇవాళ ఒక కుర్రాడు పేరు చివర డజన్ల కొద్దీ చుక్కలు పెడుతున్నాడు, ఎందుకని అడిగితే "ఊరికే" అంటాడు. రెండూ అక్షరసేవే అని సభల్లో చెప్పుకోవచ్చు.

పోనీ, విధ్వంసమే ధ్యేయం అనుకున్నా వాడు ఎంచుకున్న ఆయుధం బలహీనమైనది. 112 గుర్తులు మోహరించినా పెద్దాయన డిస్‌ప్లే ఖర్చుకు మించి నష్టం చేయలేకపోయాడు. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో చూడండి. జ, దానికి ఞ వత్తు, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ కూర్పు మెసేజ్‌గా వస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. కొన్నిసార్లు ఫోనే పదేపదే పడి లేచింది. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి ఊపిరి పీల్చుకుంది. కొమ్ముల్లేవు, తోకల్లేవు, భూతం లేదు. బడిలో వత్తులు దిద్దించే ఒక్క తెలుగు అక్షరం. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు గురించి రాశాయి. మన వాళ్ళు గర్వపడాలో, సారీ చెప్పాలో తేలక ఫార్వర్డ్ చేశారు.

ఈ కథంతా చెప్పి, మా వీధి స్టేటస్ వీరుడికి ఆ అక్షరాన్ని కాగితం మీద రాసి చూపించాను. వాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాడి కళ్ళలో నిజమైన ఆరాధన కనిపించింది.

"అబ్బ! ఇదేం ఫాంటు బాబాయ్? ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి?"

నాకు దారి కనిపించింది. తెలుగు మాధ్యమం బళ్ళు, తెలుగు ఉపాధ్యాయులు, తెలుగు పుస్తకాలు కావాలని ఇన్నాళ్ళుగా అర్జీలు పెట్టి లాభం లేకపోయింది. సమస్య అర్జీలో ఉంది. వాటిని వెనక్కి తీసుకుని ఒక్కటే అడుగుదాం. స్టైలిష్ టెక్స్ట్ తయారుచేసే యాప్‌లన్నిటిలో తెలుగు లిపిని ఒక ఫాంటుగా చేర్చాలి. భాష అని రాయకూడదు, పిల్లలు బెదిరిపోతారు. "పైనా కిందా వత్తులతో, ప్రీమియం" అని రాస్తే చాలు. మొదటి ఏడు అక్షరాలు ఉచితం, గుణింతాలకు చిన్న ప్రకటన చూడాలి, బండి ర కావాలంటే స్నేహితులకు షేర్ చేయాలి. ఆరు నెలల్లో రాయగడ నుంచి గోపాలపూర్ దాకా ప్రతి స్టేటస్ తెలుగులో ఉంటుంది. అర్థం తెలియకపోవచ్చు. గ్లిచ్ టెక్స్ట్‌కు మాత్రం ఏం అర్థం ఉందని?

ఈ వినతిని అందరికీ తెలిసేలా వీధి మొగలో ఫ్లెక్సీ కట్టిద్దామని షాపు ఆయన్ని రేటు అడిగాను. చదరపు అడుగుకు మామూలు రేటేనట. వత్తులు అక్షరాల కిందే ఉండాలంటే మాత్రం ఎక్స్‌ట్రా అవుతుందన్నాడు.