టీవీ మీది క్రోషా గుడ్డ గారికి ఒక మనవి

మహారాజశ్రీ టీవీ మీది క్రోషా గుడ్డ గారి సముఖానికి, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ నుంచి మామ్మ మనవడు వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరు ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య క్షేమమని తలుస్తాను.

తమరు కొలువు చేసిన రోజులు నాకు బాగా గుర్తు. ఇంట్లో మనుషులకి దుప్పట్లు చాలకపోయినా టీవీకి మాత్రం తమరుండాలి. దానికి చలేస్తుందని ఎవరు చెప్పారో! పోనీ టీవీతో ఆగారా? రేడియో మీద ఒకరు, ఫ్రిజ్ మీద ఒకరు, మంచినీళ్ళ బిందె మీద అంచున పూసలు గుచ్చుకుని ఇంకొకరు. తమ కొన ఒకటి తెర మీదకి వేలాడేది. దాంతో దూరదర్శన్‌లో వార్తలు చదివే పెద్దమనిషికి కూడా నుదుట పాపిడిబిళ్ళ పెట్టినట్టుండేది. క్రికెట్‌లో గాల్లోకి లేచిన బంతి తమ చిల్లుల్లో దూరి మాయమైతే, అవుటో సిక్సరో పక్కింటి కేకల్ని బట్టి తెలుసుకునేవాళ్ళం. కొంచెం పైకి మడిచానో, "ఒరే, గుడ్డ ముట్టుకోకు" అని వంటింట్లోంచి కేక. మామ్మకి అక్కణ్ణుంచి ఎలా కనిపించేదో ఇప్పటికీ తెలీదు.

అంతటితో పోనిస్తే ఈ ఉత్తరం రాసే పనుండేది కాదు. నాలుగో తరగతి ఎండాకాలం సెలవుల్లో, జీడితోటల్లో తిరిగి చొక్కాలన్నీ మరకలు చేసుకొస్తున్నానని, మామ్మ నన్ను అరుగు మీద కూలేసి చేతిలో కొక్కెం సూది పెట్టింది. జీడి అంటిన చేత్తో తెల్లదారం ముట్టుకుంటే ఊరుకునేది కాదు. రెండుసార్లు సబ్బుతో కడిగించి, వేళ్ళు వాసన చూసి మరీ కూర్చోనిచ్చేది. దారపుండ దొర్లిపోకుండా స్టీలు చెంబులో వేసేది. సూది లాగినప్పుడల్లా ఉండ చెంబులో గిరగిరా తిరిగేది.

"మగగుంటడికి ఈ పనేటమ్మా?" అని ఎదురింటావిడ మూతి తిప్పింది.

"మంచినీళ్ళపేటలో వలలల్లేది ఆడోళ్ళేటి?" అంది మామ్మ, కుట్టు ఆపకుండానే. సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు లెండి అది.

గొలుసు కుట్టు ఒక్కరోజులో వచ్చేసింది. వారం పాటు అదే అల్లాను. ఈ వీధి మొదట్నించి చివరిదాకా కట్టొచ్చు, దేనికీ పనికిరాదు. ఆ తర్వాతే వచ్చింది తమ వంతు. నిలువు కుట్లని మామ్మ నిట్రాళ్ళనేది. నడుమ చిన్న చుట్టు, దాంట్లో 12 నిట్రాళ్ళు. తర్వాతి వరసకి 24, ఆ పైన 36. వరసకి పన్నెండేసి పెరగాలి. తక్కువైతే గుడ్డ గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పోతుంది. బళ్ళో రాని పన్నెండో ఎక్కం తమ ధర్మమా అని వచ్చింది. వచ్చిందని నేననుకున్నాను. పది రోజులు చెమటోడ్చి అల్లినదాన్ని మామ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "అట్టెయ్యమంటే మూకుడు సేసినావేట్రా" అంది.

సరే, నా సంగతి వదిలెయ్యండి. తమరు సాధించిందేమిటి? మన జిల్లాలోనే, పొందూరులో, వాలుగ చేప దవడతో పత్తి దువ్వి ఖద్దరు నేస్తారు. దాన్ని ఒంటికి కట్టుకోవచ్చు. దొరసానుల దగ్గర పని నేర్చిన తమ నర్సాపురం లేసు చుట్టాలు విదేశాలకి వెళ్ళారు, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు. తమరేం తెచ్చుకున్నారు? దుమ్ము. అది వదిలించడానికి ఉతకాలి, గంజి పెట్టాలి, చాప మీద నాలుగువైపులా లాగి ఆరబెట్టాలి. ఇంత సేవ మా తాతయ్యకి కూడా జరగలేదు.

ఒక్క విషయంలో మాత్రం తమకి దణ్ణం పెట్టాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలిపోయాయి, మా ఇంటి పెంకులు లేచిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. వాన నీళ్ళు దిగి టీవీ చచ్చిపోయింది. తమర్ని పిండి ఆరేస్తే మాత్రం మళ్ళీ మల్లెపూవులా తేలారు. సొమ్ము పోయింది, కాపలాదారు మిగిలారు!

కొత్త టీవీ గోడకి అంటుకుపోయింది. బల్లి కూర్చోడానికే చోటు లేదు, తమరెక్కడ కూర్చుంటారు? పోనీ వైఫై పెట్టె మీద వేద్దామంటే, "వేడెక్కిపోతుంది నాన్నా" అని మా అమ్మాయి లాగేసింది. ప్రస్తుతానికి మిక్సీ మీద ఒక కొలువు ఖాళీగా ఉంది. చట్నీ చిందితే అలగనని మాటిస్తే ఆలోచిస్తాను.

అన్నట్టు, నా మూకుడు గుర్తుందా? మామ్మ దాన్ని విప్పేసి దారం వెనక్కి తీసుకుంటుందనుకున్నాను. విప్పలేదు. మంచినీళ్ళ చెంబు మీద బోర్లించింది. కొలిచి అల్లినట్టు పట్టింది. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. అది మాత్రం ఇప్పటికీ ఆ చెంబు మీదే డ్యూటీలో ఉంది. సర్వీసులో తమకన్నా జూనియరే, కానీ ట్రంకుపెట్టె మొహం ఇంతవరకూ చూడలేదు.

చిత్తగించవలెను.